గదికీ ఒక చప్పుడు

రైటర్ గారు పోయారన్న కబురు నాకు రికార్డింగ్ గదిలో ఉండగా తెలిసింది. అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డుల వెనక సందులో మా డబ్బింగ్ స్టూడియో. అక్కడ ఒక హాలీవుడ్ సినిమాకు తెలుగులో కేకలు వేస్తున్నాను. తెర మీద పెద్ద వంతెన కూలుతోంది. వంతెన మీదున్న ఆడవాళ్లందరికీ నాదే గొంతు. ఒక కేకకూ ఇంకో కేకకూ మధ్య నీళ్లు తాగుతూ ఫోన్ చూశాను. మా డబ్బింగ్ వాళ్ల గ్రూపులో ఎవరో పెట్టారు: "మన రైటర్ గారు పొద్దున పంజాగుట్టలో ఇంట్లోనే పోయారు. గుండెపోటు." కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. అద్దం అవతల నుంచి ఇంజనీర్ "అక్కా, ఇంకొకటి" అన్నాడు. వేశాను. అది బాగా వచ్చిందన్నారు.

ఆయన మీకు తెలిసుండే అవకాశం తక్కువ. మీరు టీవీలోనో ఫోన్లోనో తెలుగు మాట్లాడే ఇంగ్లిష్ సినిమా చూసి నవ్వి ఉంటే ఆ మాట ఆయన రాసిందే అయ్యుండొచ్చు. చివర్లో పేరు పడితే పడేది, లేకపోతే లేదు. దాని మీద ఆయనకు పట్టింపు ఉండేది కాదు. ఆయన పట్టింపంతా బ్రిటన్ సినిమా మీద. చిన్నదైనా సరే, ఒక్క బ్రిటిష్ సినిమా తెలుగులో పెట్టాలి, మామూలు జనం కదలకుండా కూర్చుని చూడాలి. నేనెరిగిన రోజు నుంచీ ఆయన కోరిక అదొక్కటే. విన్నవాళ్లందరూ ఎందుకండీ అన్నారు. నేనూ అన్నాను.

నేను సిద్దిపేట దగ్గర నుంచి అమీర్‌పేటకు సాఫ్ట్‌వేర్ కోర్సు కోసం వచ్చిన బాపతు. కోర్సు నాకు ఎక్కలేదు. హాస్టల్ పక్క సందులో ఎవరో గుంపులో అరిచే అమ్మాయిలు కావాలన్నారంటే వెళ్లాను. అరవడం నాకు వచ్చు. అక్కడ మూలన ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్న పెద్దాయన, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగారు. చెప్పాను. "ఊళ్లో మాట్లాడినట్టు ఒక ముక్క మాట్లాడు" అన్నారు. ఏం మాట్లాడాలో తోచక, "గిదేం లొల్లి సార్, అరవనీకి పిలిచి మాట్లాడమంటరు" అన్నాను. ఆయన నవ్వలేదు. "ఈ గొంతు హాలీవుడ్ వాళ్లకిస్తే దొంగల ముఠాలో వేస్తారు. మన భాష వాళ్లకి కామెడీకే పనికొస్తుందంట. ఏంటో" అన్నారు. తరువాత చాలాకాలం నేను దొంగల ముఠాలోనే ఉన్నాను.

ఆయన పని చూడ్డం ఒక సరదా. ముందు సీను శబ్దం లేకుండా నడిపించుకునేవారు. తెర మీది పెదవులతో పాటు ఆయన పెదవులూ ఆడేవి. అవతలివాడు పెదవి మూస్తే ఇక్కడ ప, బ, మల్లో ఏదో ఒకటి పడాలి. పడిందంటే ఫ్లాస్కులో టీ ఒక మూత. అన్నిటికన్నా ఆయనకు పేరు తెచ్చింది వీపు డైలాగులు. పాత్ర వెనక్కి తిరిగితే మూతి కనపడదు కదా, అక్కడ ఏ జోకైనా దూర్చొచ్చు. డబ్బింగ్ చేయించే కంపెనీ మనుషులకు ఖాళీ కనిపిస్తే ఊపిరాడదు. "గ్యాప్ ఉంది సార్, ఏదన్నా వెయ్యండి" అంటారు. ఈయన వేసేవారు. ఆయన చేతుల్లోంచి మాట పడకుండా తప్పించుకున్న వీపు లేదు.

అట్లాంటి మనిషికి మాటలు తక్కువుండే ఈ బ్రిటిష్ సినిమాల పిచ్చి ఎలా పట్టుకుందో నాకు అంతుపట్టేది కాదు. ఒకసారి అడిగితే చెప్పారు. కుర్రతనంలో ఏదో ఫిల్మ్ సొసైటీలో ఒక పాత ఇంగ్లండ్ సినిమా చూశారట. "హీరో నిలబడి గిన్నెలు కడుగుతున్నాడమ్మా. సినిమాలో మగాడు గిన్నెలు కడగ్గా చూడ్డం అదే మొదటిసారి. మా నాన్నకు చూపిద్దామనుకున్నాను" అన్నారు.

పంజాగుట్ట నుంచి అమీర్‌పేటకు ఆయన నడిచే వచ్చేవారు. మెట్రో వచ్చాక కూడా దాని నీడలో నడిచారు తప్ప ఎక్కలేదు. స్టూడియో కింద ఇరానీ హోటల్లో మాకు పాఠం జరిగేది. పాఠం ఎప్పుడూ ఒకటే. ఇప్పుడొచ్చే పెద్ద పెద్ద హాలీవుడ్ సినిమాల్లో సగం తీసేది లండన్ చుట్టుపక్కల షెడ్లలోనే. సెట్లు కొట్టే వడ్రంగులు వాళ్లు, బట్టలు కుట్టేది వాళ్లు, నటించేదీ చాలావరకు వాళ్లే. "వంటిల్లు వాళ్లది, వంటవాళ్లు వాళ్లు. భోజనం మాత్రం హాలీవుడ్ వారి విందు" అనేవారు. పన్నులో రాయితీ ఇచ్చి మరీ పిలుస్తారట. అమెరికాలో పని ఆగితే లండన్ షెడ్లు ఖాళీ. విలన్ కావాలంటే మాత్రం అమెరికా వాళ్లు తప్పకుండా బ్రిటన్ నుంచే తెచ్చుకుంటారని, అదొక గౌరవమని వెటకారం చేసేవారు.

"మిగిలినవాళ్లకి భాష ఒక ప్రహరీ గోడమ్మా. మనకీ ఉంది. బ్రిటన్ వాడిదీ హాలీవుడ్‌దీ ఒకటే భాషయ్యేసరికి గోడే లేదు. పెద్దవాడు నేరుగా హాల్లోకి వచ్చి కూర్చున్నాడు. వీళ్ల సొంత సినిమా అక్కడి జాతీయ లాటరీ నిధులో, టీవీ వాళ్ల సాయమో అడుక్కుని, వెనక గదిలో బతుకుతోంది."

నాకు ఇట్లాంటి ఏడుపులు గిట్టవు. "సార్, హాలీవుడ్ లేకపోతే ఆ వడ్రంగులు ఏం తింటరు? మనం ఏం తింటం?" అన్నాను. ఆయన సాసర్లో టీ ఊదుకుంటూ, "అదీ నిజమే. మన స్టూడియోకి కరెంటు ఉన్నది వాళ్ల దయే. నేను వాళ్లని తిట్టట్లేదు. వెనక గదిలో ఉన్నవాడిని ఒకసారి పలకరిద్దామంటున్నాను" అన్నారు. నేను కప్పు ఎత్తి టీ తాగాను.

పలకరించే రోజు వచ్చింది. నగరంలో ఏదో చిన్న సినిమాల పండగకు ఇంగ్లండ్ నుంచి ఒక దర్శకురాలు వచ్చింది. ఈయన ఆమెను పట్టుకుని, ఆమె సినిమాను తెలుగులో చేసి టికెట్టు లేకుండా జనానికి చూపించుకోవడానికి ఒప్పించారు. ఉత్తర ఇంగ్లండ్‌లో ఏదో ఊరు. తండ్రి పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. ఆ సంగతి కూతురికి చెప్పలేక రోజూ డబ్బా కట్టుకుని బయల్దేరతాడు. కూతురు సిటీ బస్సు డ్రైవరు. పనివేళలో తండ్రి పార్కులో కూర్చుని ఉండడం బస్సులోంచి చూస్తుంది. ఇంటికొచ్చి టీ పెడుతుంది. ఇద్దరూ బల్ల దగ్గర కూర్చుంటారు. ఆమెకు తెలుసని ఆయనకు అర్థమవుతుంది. ఎవరూ మాట్లాడరు. సినిమా అంతా ఆ బల్ల కోసమే తీసినట్టుంటుంది.

కూతురికి నన్ను పెట్టారు. "వాళ్లది లండన్ ఇంగ్లిష్ కాదు, వాళ్ల ఊరి ఇంగ్లిష్. నువ్వూ మీ అమ్మతో మాట్లాడినట్టే మాట్లాడు" అన్నారు. నా భాషలో నేను దొంగను కాకుండా మాట్లాడింది ఆ ఒక్క సినిమాలోనే. బల్ల సీను దగ్గర తండ్రి వీపు మనవైపు ఉంటుంది. ఎంత జోకైనా పట్టే వీపు. నేను రైటర్ గారి ముఖం చూశాను. ఆయన కాగితం మీద ఆ చోట మాట రాయకుండా గీత గీసి వదిలేశారు.

సనత్‌నగర్ వైపు రైటర్ గారి కుటుంబం వెళ్లే చర్చి హాల్లో, ఆదివారం ఆరాధన అయ్యాక వేశాం. పాస్టర్ గారు ముందే అడిగారు, "ముద్దులు గిట్ల ఉన్నయా?" అని. "టీ ఉందండీ. టీ ఒక్కటే" అన్నారు ఈయన. సంఘం వాళ్లు, మా హాస్టల్ అమ్మాయిలు, దగ్గర్లో ఫ్యాక్టరీ షెడ్లలో పనిచేసేవాళ్లు వచ్చారు. స్పీకర్లు బోరబండ మైక్ భాయ్‌వి. పెళ్లికీ, ప్రార్థనకీ, ఎన్నికలకీ ఆ చుట్టుపక్కల ఆయన సెట్టే. జనం బాగానే చూశారు. తెర మీద మూతపడ్డ ఫ్యాక్టరీ గేటు కనిపించినప్పుడు వెనక వరసలో ఒకాయన "మనదే గదా" అని పక్కాయనతో అనడం నేను విన్నాను.

బల్ల సీను వచ్చింది. శబ్దం పూర్తిగా పోయింది. నిశ్శబ్దం కాదు, తీగ తెగినట్టు. పిల్లలు "సౌండ్, సౌండ్" అన్నారు. మైక్ భాయ్ వైరు పీకి, మళ్లీ గుచ్చి, సౌండ్ పెంచే గుండీ మొత్తం తిప్పేశాడు. సరిగ్గా అప్పుడు తెర మీద కూతురు కప్పు బల్ల మీద పెట్టింది. అది బాంబు పేలినట్టు పేలింది. చంటిపిల్లలు గుక్కపట్టారు. తరువాత హాలంతా నవ్వు. ఆ నవ్వు సినిమా అయిపోయేదాకా ఆగలేదు. రైటర్ గారు చివరి వరసలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆయనను అలా చూడలేక నేను బయటికెళ్లి చెప్పులు సర్దాను.

మైక్ భాయ్ వచ్చి నిలబడ్డాడు. "సార్, మాఫ్ జెయ్యుండ్రి. నా సెట్టుల కెల్లి ఆవాజ్ రాకుంటే ఖరాబైందనే అనుకుంట. చుప్ ఉండనీకి ఎవరన్న మైకు కిరాయికి తీస్కుంటరా?"

"తప్పు నీది కాదు భాయ్. మాది" అన్నారు ఈయన. అది మర్యాదకు అన్న మాట కాదు. హాలీవుడ్ వాళ్లు మాటలు తీసేసి, మిగిలిన చప్పుళ్లన్నీ, అడుగులు, తలుపులు, గాలి, విడిగా ఒక ట్రాకులో పెట్టి పంపుతారు. మేము మాటలు అతికిస్తే చాలు. ఈ చిన్న సినిమాకు అలాంటి ట్రాకు చేయించే స్థోమత లేదు. మేము అలవాటుగా ఇంగ్లిష్ మాటలున్న ట్రాకు తీసిపారేశాం. కప్పు, తలుపు లాంటి చప్పుళ్లు మళ్లీ చేసి కలిపాం. గది చప్పుడు కలపలేదు. ఎన్నేళ్లుగానో తయారుగా వస్తున్నది కాబట్టి, అదొకటి ఉంటుందనే మాలో ఎవరికీ తోచలేదు. "ఎవరూ మాట్లాడకపోయినా గదికీ ఒక చప్పుడు ఉంటుందమ్మా. అది లేకపోతే మనుషులు ఊరుకున్నట్టు కాదు, పోయినట్టు" అన్నారు ఆయన.

తరువాత ఆ చప్పుడు కోసం తిరిగారు. చివరికి చర్చి హాలే నచ్చింది. ఒక మధ్యాహ్నం ఖాళీ హాల్లో ఆయన, నేను, రికార్డరుతో మా ఇంజనీర్ కూర్చున్నాం. కదలొద్దన్నారు. నాకు అప్పుడే ముక్కు దురద. పైన ఫ్యాను, దూరంగా రోడ్డు. అంతా కుదిరాక పాస్టర్ గారింట్లో కుక్కర్ కూసింది. "వాళ్లింట్ల సుత కుక్కర్ ఉండొచ్చు గద సార్" అన్నాను. "ఇంగ్లండ్‌లో కుక్కర్ కూయదమ్మా, కూర్చో" అన్నారు. మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి ఆయన కుర్చీయే కిర్రుమంది. ఇంజనీర్ ఆ ముక్క తీసేస్తానన్నాడు. ఆయన, "ఉంచు. బల్ల దగ్గర తండ్రి సర్దుకుని కూర్చున్నాడనుకుంటారు" అన్నారు. ఆ చప్పుడు సీనులో కలిపాం. వానలు తగ్గాక సినిమా మళ్లీ వేద్దామనుకున్నాం. వానలు తగ్గలేదు, ఆయన ఆగలేదు.

ఆయన ఆదరణ కూటమి, అంటే సంతాప ప్రార్థన, అదే హాల్లో జరిగింది. పాటలు, వాక్యం అయ్యాక రైటర్ గారి భార్య లేచారు. పొడుగ్గా మాట్లాడే మనిషి కాదు. "ఆయన ఇంట్లో ఏ పూటా వదలకుండా చెప్పింది ఆ బల్ల గురించే. ఇంతమంది ఉన్నారు. ఆ ఒక్క ముక్క వెయ్యండి" అన్నారు. పాస్టర్ గారు తల ఊపారు. కథ తెలియనివాళ్ల కోసం నేను రెండు ముక్కలు చెప్పి వచ్చి కూర్చున్నాను.

తెర మీద కూతురు టీ పోసింది. ఇద్దరూ కూర్చున్నారు. మాటలు ఆగిపోయాయి. స్పీకర్లలోంచి వస్తున్నది ఆ మధ్యాహ్నపు ఫ్యానో, మా నెత్తి మీద తిరుగుతున్న ఫ్యానో చెప్పడం కష్టం. పిల్లలు ఊరుకున్నారు. పెద్దలు ఊరుకున్నారు. గోడ పక్కన కూర్చున్న మైక్ భాయ్ చెయ్యి, అలవాటు కొద్దీ, గుండీ మీదికి వెళ్లింది.

అప్పుడు స్పీకర్లలో ఆయన కుర్చీ కిర్రుమంది. నా ముందు వరసలో రైటర్ గారి భార్య తల తిప్పి పక్కన ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూశారు. మైక్ భాయ్ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.