నాలుగో తొట్టికి నా పిడికెడు

ముందే చెప్పేస్తున్నాను. ఇందులో ఒక ప్లంబర్ రంపం పట్టుకుని వస్తాడు, ఒక శాస్త్రవేత్తకి మతి పోయినంత పనవుతుంది, నా ఉద్యోగం అంచుదాకా వెళ్ళి వేలాడుతుంది. అన్నిటికీ కారణం నా కుడిచేతి పిడికిలి. ఇప్పుడిలా ఏమీ ఎరగనట్టు టైపు చేస్తోందే, ఈ చెయ్యే!

అప్పుడు నాకు ఇరవై ఆరు. ఎడిన్‌బర్గ్ శివార్లలో ఒక చేపల పరిశోధనశాలలో కాంట్రాక్టు మీద చేరాను. మా బాస్ మార్గరెట్ అడుగుతున్న ప్రశ్న చిన్నదే. పెంపకం ట్రౌట్ చేపల మేతలో జింకు, సెలీనియం లాంటి ఖనిజాలు కాస్త కలిపితే ఏమవుతుంది, కలపకపోతే ఏమవుతుంది? ఆరు తొట్లు. మొదటి మూడింటికి నీలం మూత బకెట్లోంచి ఖనిజాలు కలిపిన మేత. మిగతా మూడింటికి తెల్ల మూత బకెట్లోంచి కలపని మేత. ఇది సవ్యంగా ముగిస్తే నా కాంట్రాక్టు పొడిగిస్తారు, వీసా నిలబడుతుంది. రెండు బకెట్లు, ఒక త్రాసు. చెడగొట్టడానికి ఏముంది చెప్పండి!

చిక్కేమిటంటే నేను కైకలూరు పిల్లని. మా బాబాయి చేపల చెరువు గట్టు మీద పెరిగాను. తవుడులో మినరల్ పొడి కలిపి, గంజితో తడిపి, చిల్లుల సంచుల్లో నింపి, పడవ మీద వెళ్ళి చెరువులో పాతిన కర్రలకి కట్టేవాళ్ళం. ఒక వైపు కర్రలు బాబాయివి, రెండో వైపువి నావి. శీలావతి చేపలు వచ్చి ఆ సంచుల్ని పొడుస్తుంటే నీళ్ళు కుతకుతలాడేవి. నేను ఇంటర్ చదివే రోజుల్లో బాబాయి నా వేళ్ళని తనే మడిచి, "ఇదిగో, ఇంతే పొడి. ఎక్కువొద్దు, తక్కువొద్దు" అని నేర్పాడు.

ఎడిన్‌బర్గ్‌లో అన్నీ ఉన్నాయి, ఆ తడి తవుడు వాసన తప్ప. దాని కోసం ఒకసారి సూపర్‌మార్కెట్‌లో ఓట్ బ్రాన్, అంటే ఓట్స్ తవుడు పొట్లం ముక్కుకి ఆనించుకుని నిలబడిపోయాను. పక్కనున్న పెద్దావిడ, "బాగానే ఉన్నావా అమ్మా?" అని అడిగింది. లేనండీ, అస్సలు బాగాలేను. కానీ ఆ ముక్క ఓట్ బ్రాన్ షెల్ఫు ముందు ఎలా చెప్పేది?

నాలుగో తొట్టి చేపలకి ఒక అలవాటుండేది. నేను రాగానే పైకి తేలి నోళ్ళు తెరిచేవి, అచ్చం మా చెరువులోలాగే. వీడియో కాల్‌లో బాబాయికి చూపించాను.

"ఏంటి బుజ్జమ్మా, వీటికి మినరల్ వెయ్యట్లేదా?"

"వెయ్యకూడదు బాబాయ్. వెయ్యకపోతే ఏమవుద్దో చూడాలంట."

"చూసేదేముందే! జింకు తగ్గితే కళ్ళకి పొర కమ్ముద్ది. నన్నడిగితే చెప్పేవోణ్ణిగా!"

"ఇది ప్రయోగం బాబాయ్!"

"సర్లే. నిన్ను చూసి నోళ్ళు తెరుస్తున్నయ్, పాపం."

మర్నాడు పొద్దున్నే నాలుగో తొట్టి మేతలోంచి ఒక పిడికెడు తీసేసి, నీలం బకెట్లోంచి ఒక పిడికెడు వేశాను. మొత్తం బరువు తప్పకూడదు కదా! చూశారా, తప్పు చెయ్యడంలో కూడా ఎంత నిజాయితీయో!

వారాలు గడిచాయి. ఐదు, ఆరు తొట్ల చేపల కళ్ళు మసకబారాయి. నాలుగో తొట్టివి మాత్రం నిగనిగలాడుతున్నాయి. మార్గరెట్ నిద్రాహారాలు మానేసింది.

"దీంట్లోకి జింకు ఎక్కణ్ణుంచో వస్తోంది!"

"ఎక్కణ్ణుంచంటారు?" అన్నాను నేను, పాలుతాగే పాపలా.

నీళ్ళు పరీక్షించారు. గోడ రంగు గీకి పరీక్షించారు. నేను మాత్రం రోజూ పిడికెడు వేస్తూనే ఉన్నాను. ఎందుకు ఆపలేదంటారా? అవి నోళ్ళు తెరిచినప్పుడు ఒక్క నిమిషం నేను మా గట్టు మీద ఉండేదాన్ని. ఆ నిమిషం లేకుండా మిగతా రోజంతా గడపడం నా వల్ల కాలేదు.

చివరికి నేరం ఒక పైపు మీద పడింది. నాలుగో తొట్టికి వచ్చే పాత ఇనప పైపుకి జింకు పూత ఉందట. డేవ్ అనే ప్లంబర్ రంపంతో దిగాడు.

"ఇది కొయ్యాలంటే మెయిన్ కట్టెయ్యాలి, ఆరు తొట్లకీ నీళ్ళు ఆగిపోతాయి, మరి మీ ఇష్టం" అన్నాడు.

"కొయ్యి!" అంది మార్గరెట్.

"ఆగండి! పైపు కాదు, నేను!" అని అరిచాను.

మార్గరెట్ తెల్లబోయింది. "నీలోంచి జింకు ఎలా వస్తుంది?"

పిడికిలి చూపించాను. ఆ తర్వాత చెరువు, పడవ, తవుడు, బాబాయి, అన్నీ ఏడుస్తూ చెప్పేశాను. డేవ్ పనిముట్ల పెట్టె మీద కూర్చుని మరీ విన్నాడు.

"రోజుకి ఎన్ని గ్రాములు వేశావు?"

"పిడికెడు."

"అది కొలత కాదు."

"మా ఊళ్ళో అదే కొలత."

ఆవిడ త్రాసు తెచ్చి పెట్టింది. పదిసార్లు పిడికెడు తీసి పోశాను. పదిసార్లూ ముల్లు ఒక్కచోటే ఆగినట్టు ఒకే అంకె. డేవ్ చప్పట్లు కొట్టాడు. మార్గరెట్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఈ బిల్డింగ్‌లో ఇంత నమ్మకమైన పరికరం ఇంకోటి లేదు. నా ప్రయోగాన్ని నాశనం చేసింది కూడా ఇదే."

గట్టి హెచ్చరికతో ఒక ఉత్తరం ఇచ్చింది. దాంతోపాటే కాంట్రాక్టు పొడిగింపు కూడా, ప్రయోగమంతా మొదట్నుంచీ నేనే మళ్ళీ చెయ్యాలన్న శిక్షతో. నాలుగో తొట్టి మీద ఒక బోర్డు వెలిసింది: "దయచేసి ఈ చేపల్ని ప్రేమించకండి."

ఆ సాయంత్రం బాబాయికి జరిగిందంతా చెప్పాను.

"ఐదూ ఆరూ తొట్లలో కళ్ళకి పొర వచ్చిందా? నే చెప్పలా!" అన్నాడు ముందు. తర్వాత మెల్లిగా, "పిడికిలి తప్పలేదుగా?" అన్నాడు.

"తప్పలేదు బాబాయ్. పదిసార్లు తూచారు."



"నీ వైపు కర్రలకి సంచులు నేనే కడుతున్నాలే. ఇంకెవర్నీ కట్టనివ్వట్లా" అన్నాడు.

కనుక జింకు సాక్షిగా, సెలీనియం సాక్షిగా, రాగి, మాంగనీసుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ దేశంలో ఏ చేపకీ త్రాసుకి తెలియకుండా ఒక్క పలుకు మేత కూడా వెయ్యను. కైకలూరులో నా వైపు కర్రలకి మాత్రం ఈ ప్రమాణం వర్తించదు.