దరఖాస్తు మీద ఒక్క వేలిముద్ర

పందొమ్మిది వందల నలభైలల్ల, నిజాం సర్కారు నడిచేటప్పటి ముచ్చట. నాకు ఇరవై రెండేండ్లు. నాలుగు పుస్తకాలు చదివిన పొగరుతోని సిద్దిపేటను బాగుచేసుడు నా వంతే అనుకుంటుంటి.

ఒక అంగడినాడు ఎడ్లబండి మీద నిలబడి ఉపన్యాసం ఇచ్చిన. "మతి చెదిరినోళ్లను తాళ్లతోని కట్టేస్తున్నం. మనం మనుషులమేనా? మన దవాఖానకు మతికి మందిచ్చే డాక్టరు రావాలె. ఈ దరఖాస్తు మీద అందరు వేలిముద్రలు పెట్టున్రి!"

చప్పట్లు గట్టిగనే కొట్టిన్రు. కాయిదం చాపంగనే వెనుకకు జరిగిన్రు. వేలిముద్ర పెడితే ఆ ఇంట్ల పిచ్చోళ్లున్నరని ఊరంత అనుకుంటదాయె. పిల్లలకు సంబంధాలు రావు.

ఒక ముసలవ్వ అడిగింది: "ముందుగాల నువ్వు పెట్టు బిడ్డా. మీ ఇంట్ల ఎవరున్నరు?"

అప్పుడే నాకు పిల్లను చూస్తుండిరి. "మా ఇంట్ల ఎవ్వరు లేరవ్వా! లోకం కోసం చేస్తున్న" అని గొంతు పెంచిన.

"నేనున్న గద తమ్మీ?"

తిరిగి చూస్తె మా అన్న. మూడేండ్ల సంది ఎవ్వలకు తెల్వకుంట మేము దొడ్లె కట్టేసిన మనిషి. తెంపుకొచ్చిన తాడు కాలికి వేలాడుతున్నది. నవ్వుకుంట వేలు సిరాల ముంచి, "గీడనేనా?" అని కాయిదం మీద ఒత్తిండు.

నేను బండి దిగి, అదే తాడు పట్టుకొని ఇంటికి తోలుకపోయి మళ్ల కట్టేసిన.

తెల్లారి కచేరికి పోతే, అంగడి ముచ్చట అప్పటికే విన్న గుమాస్తా కాయిదం చూసి, "పిచ్చోని వేలిముద్ర చెల్లదు. తెలివున్నోళ్లయి తీస్కరా" అన్నడు.

ఆ కాయిదం ఇప్పటికి నా సందుగ పెట్టెల ఉన్నది. దాని మీద నా సంతకం ఇయ్యాల్టికి లేదు.