మామగారి కాలికి ఉప్పు కాపడం

మొన్న బరంపురంలో డాక్టరమ్మ నా కాలి బొటనవేలి గోరు నొక్కి వదిలి, తెల్లబడిన చోటు ఎంతసేపటికి ఎర్రబడుతుందో చూసింది. నడిస్తే పిక్క పట్టేస్తోందా, ఆగితే తగ్గుతోందా, ఒక పాదం రెండోదానికంటే చల్లగా ఉంటోందా అని అడుగుతూ పోతుంటే, నేను నా సంగతి మానేసి మా మామగారి గురించి చెప్పడం మొదలుపెట్టాను.

ఆయనకు బడా బజార్లో బట్టల కొట్టు. పొద్దస్తమానం పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చునే మనిషి కనుక, కాళ్ళు తిమ్మిరెక్కాయంటే ఇంట్లో ఎవరమూ పట్టించుకునేవాళ్ళం కాదు. కొట్టు నుంచి ఇంటికి వస్తూ నాలుగు చోట్ల ఆగి కబుర్లాడుతుంటే, ఊరందరి మంచిచెడ్డలూ ఈయనకే కావాలని మా అత్తగారు దెప్పేవారు. పిక్క నొప్పికి ఆగుతున్నారని, అది చెప్పుకోలేక పలకరింపులు సాగదీస్తున్నారని మాకేం తెలుసు? అత్తగారి చేతులు వణుకుతాయి కనుక, రోజూ ఆయన కాళ్ళు పట్టేదాన్ని నేనే. కుడి పాదం రాయిలా చల్లగా తగిలేది, మోకాలి కింద వెంట్రుకలన్నీ రాలిపోయి చర్మం నున్నగా మెరిసేది. పెద్దతనం అనుకున్నాను, మా కాలంలో అన్నిటికీ అదొక్కటే పేరు కదా.

ఒళ్ళు చల్లబడితే ఉప్పు కాపడం మా ఇళ్ళల్లో ఆనవాయితీ. రంభ అనే ఊరి వైపు నుంచి వచ్చే కల్లుప్పును మూకుట్లో చిటపటలాడేదాకా వేయించి, పాత పంచె ముక్కలో మూటకట్టి, నా ముంజేతికి ఆనించి చూసుకుని మరీ పెట్టాను. ఆయన కళ్ళు మూసుకుని, "ఇంకాస్త యేడి సెయ్యమ్మా, ఏటీ తెల్డం నేదు" అన్నారు. చేశాను. మూడోసారికి మూట నా చేతికే ఓర్చుకోలేనంత కాలుతోంది, అయినా పెట్టాను.

మర్నాటికి బొబ్బలు, తర్వాత పుండు, అది మానకపోగా వేళ్ళు నల్లబడ్డాయి. కాలికి రక్తం ఆడడం లేదని ఆసుపత్రిలో మోకాలి కిందకి తీసేశారు. ఆ రోజు నాకు ఏడుపు రాలేదు, భయమూ వెయ్యలేదు, వచ్చినవాళ్ళందరికీ టీలు పోశాను. ఆయనే పిలిచి, "నువ్వేటి సేస్తావమ్మా, నా కాలు నాకే తెల్నేదు" అన్నారు.

ఇప్పటి పిల్లలకు ఈ లక్షణాలన్నీ తెలుసు, కాపడం పెట్టకూడదనీ తెలుసు, మంచిదే. పెద్దల కాళ్ళు పట్టే అలవాటు మాత్రం మా ఇంట్లో నాతోనే ఆగింది. కోడలు కొత్తగా వచ్చిన రోజుల్లో నా పాదాల దగ్గర కూర్చోబోతే, వద్దని గబుక్కున కాళ్ళు ముడుచుకున్నాను. తన చేతులు ఆ మూట పెట్టిన నా చేతుల్లా కాకూడదనే. ఆ పిల్ల చిన్నబుచ్చుకుని లేచి వెళ్ళిపోయింది, నేను వెనక్కి పిలవలేదు.