స్టీలు బిందె మీద నెమలి

ఇవాళ నారాయణగూడ మార్కెట్లో ఒక స్టీలు టిఫిన్ క్యారియర్ కనిపించింది. దాని నిండా పర్మనెంట్ మార్కర్‌తో గీసిన పూలు. "ఎంత మంచిగ గీసిన్రే" అని అమ్మ మురిసిపోయింది. నాకు ఒళ్లు మండింది.

గిన్నెల మీద నాన్నల పేర్లు, తాతల పేర్లు చుక్కలుచుక్కలుగా కొట్టించేవారు, గుర్తుందా? ఆడపిల్లను కదా, మా చిక్కడపల్లి ఇంట్లో నా పేరు ఏ గిన్నె మీదా లేదు. అందుకే చిన్నప్పుడు ఒకసారి బిందె మీద నాన్న పేరు పక్కన మార్కర్‌తో ఒక నెమలిని గీశాను. "సామాను ఖరాబ్ చేస్తవా?" అని అమ్మ నా చేతే కిరోసిన్‌తో తుడిపించింది.

ఇవాళ ఆ సంగతే అమ్మకు గుర్తుచేశాను.

"అప్పుడు వేరే, ఇప్పుడు వేరే" అంది. క్యారియర్ కొని, పూల మధ్యలో అక్కడే పేరు కూడా కొట్టించింది.

మా తమ్ముడి పేరు.