గద్దె దిగని హీరోయిన్

లాడ్ బజార్‌లో మాది గాజుల దుకాణం. తెల్ల దుప్పటి పరిచిన గద్దె మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని, వచ్చినవాళ్ల చెయ్యి పట్టి నొక్కి చూసి సైజు చెప్పడం నా పని. చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమ కాలు సన్నబడింది. గద్దె మీద ఉన్నంతసేపు ఆ సంగతి ఎవరికీ తెలియదు. పొద్దున గిరాకీ రాకముందే ఎక్కుతాను, సాయంత్రం అందరూ వెళ్లాకే దిగుతాను. పై అరలోవి ఎవరైనా అడిగితే అన్నయ్యను పిలుస్తాను. ఇరవై ఏళ్లుగా ఇదే పద్ధతి.

ఖాళీ దొరికితే ఫోన్‌లో ప్రేమకథలు రాస్తాను. మారుపేరుతో ఒక యాప్‌లో సీరియల్‌గా వస్తాయి. నా హీరోయిన్లందరూ తెల్లగా, సన్నగా ఉండేవారు. వాన పడితే చాలు, పరుగెత్తేవారు. వాళ్లను చూస్తే నాకే ఒళ్లు మండేది. పాతబస్తీ పిల్ల వస్తే గిస్తే హీరోయిన్ స్నేహితురాలిగా వచ్చి, నాలుగు నవ్వులు నవ్వించి పోవాలి.

పోయినేడాది ఆ యాప్ ఎడిటరమ్మ ఫోన్ చేసి, "ఇప్పుడందరూ కొత్త రకం హీరోయిన్లను అడుగుతున్నారండీ, రాస్తారా?" అంది. గంతులేయడం నాకు చేతకాదు గానీ, మనసులో వేశాను. మా పాతబస్తీలోనే ఛత్రినాకలో ఉండే, కుంటుతూ నడిచే, మా మాటే మాట్లాడే పిల్లను రాశాను. ఆ పిల్ల మీద నాకు ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఆఖరు భాగం రాసే రోజు ఎడిటరమ్మ మళ్లీ ఫోన్ చేసింది. "చాలా బాగుందండీ. చివర్లో ఒక ఆపరేషన్ పెట్టేయండి. పెళ్లి మండపంలోకి మామూలుగా నడిచి రావాలి. సాయంత్రానికి పంపండి."

"కాలు మంచిగైతేనే హీరో పెళ్లి చేస్కుంటడా ఏందండీ?" అన్నాను.

"అది కాదండీ, చదివేవాళ్లకు తృప్తి ఉండాలి కదా."

చస్తే రాయనని ఫోన్ పక్కన పడేశాను.

మధ్యాహ్నం ఇద్దరు అక్కాచెల్లెళ్లు వచ్చారు. చెల్లెలి చెయ్యి పట్టి సైజు చూస్తున్నాను. అక్క తన ఫోన్‌లో నా కథే చదువుతోంది.

"రేపే ఆఖరంట. గీ పిల్లకు ఆపరేషన్ అయితదంటవా?" అంది.

"ఎందుకయితది? గట్లనే మంచిగున్నది. గట్లనే చేస్కోవాలె ఆయన," అంది చెల్లెలు. "రాసినామె ఎవరో గానీ, మస్తు ధైర్యం."

నాకు కళ్లు చెమర్చాయి. ఆ రాసింది నేనేనని నోటిదాకా వచ్చింది. అంతలో చెల్లెలు తలెత్తి, "అక్కా, గా పైన పచ్చ లక్క గాజులు చూపియ్యవా?" అంది.

అన్నయ్య చాయ్ తాగడానికి వెళ్లాడు. పై అర నాలుగడుగుల దూరంలో ఉంది.

"గవి ఆర్డర్‌వి చెల్లె, అమ్మేటివి కావు," అన్నాను.

పాపం, ఆ పిల్ల నమ్మింది. ఇద్దరూ పక్క దుకాణానికి వెళ్లిపోయారు. సిగ్గుతో నా ముఖం కాలిపోయింది.

సాయంత్రం ఆపరేషన్ రాసి పంపేశాను. ఎడిటరమ్మను తిట్టుకోవడానికి నోరు రాలేదు. నా హీరోయిన్ మండపంలోకి చక్కగా నడిచి వచ్చింది. నేను మాత్రం ఆఖరి గిరాకీ మెట్లు దిగిపోయేదాకా గద్దె మీదే కూర్చున్నాను.