చెవికోత లేని మంద

మా ముత్తాత గద్వాల సంస్థానం కింద పన్నెండు ఊళ్లకు దొర. ఆయన కచేరీ ముందు ఎవరైనా గుర్రం దిగి నడవాల్సిందే. తాత పటేలు. నాన్న వనపర్తిలో ఒక ఆఫీసు ముందు వరుసలో నిలబడటం ఇష్టం లేక, రావలసిన పింఛనే వదులుకున్నాడు. నేను గద్వాలలో రెండు గదుల ఇంట్లో ఉంటున్నాను.

ముత్తాత నుంచి చెక్కుచెదరకుండా నాదాకా వచ్చింది ఒక్క మాట. కృష్ణా నది నడుమ లంక గడ్డ మీద తిరిగే నల్ల గొర్రెలు అడవి జాతివి, ఎవరివీ కావు, వాటి చెవి ఎవరూ కోయకూడదు. మా వైపు చెవికోతను బట్టే గొర్రె ఎవరిదో తెలుస్తుంది. ప్రతి ఎండాకాలం పుట్టిలో వెళ్లి వాటిని దూరం నుంచి చూసి రావడం మా ఇంటి ఆనవాయితీ. నేనూ మానలేదు.

కిందటి చలికాలం చివర నీళ్లు తగ్గితే అవి ఒడ్డుకు దాటి పల్లిచేలు మేశాయి. రైతులు ఫిర్యాదు చేశారు. అడవి జాతి అయితే వదిలేస్తాం, ఇంటి జాతి అయితే పట్టి వేలం వేస్తాం అన్నారు అధికారులు. పశువుల డాక్టరమ్మ వాటిలో రెండింటి రక్తం తీసి పరీక్షకు పంపింది. ఏటా వాటిని చూసి వస్తానని తెలిసి, ఫలితం రాగానే నన్ను ఒడ్డుకు పిలిచింది.

"అడవివి కావు సార్. ఈ ఒడ్డు మందల రక్తమే. ఎప్పుడో తప్పిపోయినయ్."

పక్కనే మంద మేపుతున్న ముసలి గొల్ల నవ్వాడు. "మా తాత మందనే దొరా అది. వరదొస్తె గడ్డ మీద్నే ఇడిసొచ్చిండు. మీ పెద్దదొర అడవి గొర్లని చాటింపేయించినంక అడిగే దమ్మెవరికుండె?"

"మీ తాతవే అయితే పిలువు. వస్తయేమో చూద్దాం," అన్నాను.

అతను నోటికి చేయి అడ్డం పెట్టి కూత వేశాడు. మా వెనక అతని మందంతా ఒక్కసారి తల ఎత్తింది. గడ్డ మీద ఒక్కటీ ఇటు తల తిప్పలేదు.

"మీ లెక్కనే ఉన్నయ్ దొరా. పిలిస్తె పలుకయ్."

అది నాకు మెప్పులాగే వినిపించింది.

"మధ్యధరా సముద్రం దీవుల్ల కూడా గిట్లాంటివే ఉన్నయ్ సార్," అంది డాక్టరమ్మ. "కొమ్ములు చూసి అడవి జాతని రాసిన్రు. రక్తం చూస్తే, వేల ఏండ్ల కింద మనుషులు పడవల్ల తెచ్చిన గొర్రెల సంతతని తేలింది. ఏ జాతి కింద రాయాల్నో ఇప్పటికీ తగాదనే."

"మరి వాటిని సంతకు తోలిన్రా?"

"లేదు. కాపాడుతున్రు."

"ఇక్కడెందుకు కాపాడరు?"

"ఇక్కడి కాయితంల రెండే గడులున్నయ్ సార్. అడవి, ఇంటి." ఆమె గొంతు తగ్గించింది. "ఇవి మావే అని మీరు సంతకం పెడితే మీకే అప్పజెప్తరు."

పాన్‌గల్‌లో నాకింకా రెండెకరాల బీడు ఉంది. కంచె వేసి అక్కడ ఉంచవచ్చు. గొల్ల వైపు చూశాను. "నీ తాతవి అంటివి గద, సంతకం నువ్వు పెట్టు."

"పల్లిచేలు మేసిన తప్పు పైసలు నా మెడకు సుట్టుకుంటయ్. నాకొద్దు దొరా."

అతని తాత కథ నిజమే కావచ్చు. ముత్తాత చాటింపు అబద్ధమే కావచ్చు. అయినా నాలుగు తరాలుగా ఎవరి చేతి గడ్డీ తినని వాటిని నావని రాయలేదు. మళ్లీ అడిగినా రాయను.

ఆ వారమే వలలు వేసి పట్టారు. ఇరవై మూడు గొర్రెలు. పెబ్బేరు సంతలో ఒక్క పూటలో అమ్ముడుపోయాయి.