బడంగ్‌పేట్ మేడ మీద ముగ్గురు రాజులు

పాఠకులారా, ముందుగా చేతులు జోడించి క్షమాపణ వేడుకుంటున్నాను. ఈ యాత్రలో జలపాతం లేదు, సూర్యోదయం లేదు, డ్రోన్ షాటు అసలే లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి బడంగ్‌పేట్ దాకా వెళ్లి చాప మీద పేకాడిన ఘనకార్యాన్ని ప్రయాణం అంటున్నందుకు లోకం నన్ను మన్నించుగాక. నిజానికి వెళ్లింది గది కోసం. నేనుండే హాస్టల్‌ని వచ్చే నెలాఖరుకు ఖాళీ చేయమన్నారు. ఎల్‌బీ నగర్‌లో ఏ గేటు చూసినా ‘ఫ్యామిలీస్‌కు మాత్రమే’. అప్పుడు నా మిత్రుడు శ్రీకాంత్ ఆశ పెట్టాడు: వాళ్ల పెద్దనాయిన ఇంటి మేడ మీద గది ఖాళీగా ఉందట. ఆదివారం పోకర్‌లో ఎవరు గెలిస్తే గది విషయంలో వాళ్ల మాటే చెల్లుతుందట.

పొద్దున పదింటికి మెట్రోలో వచ్చి ఎల్‌బీ నగర్‌లో దిగాను. ఆటో రెండొందలన్నాడు, నూట యాభైకి ఒప్పుకున్నాడు. కర్మన్‌ఘాట్ దాటేసరికి నా కథంతా రాబట్టి, “బ్యాచిలర్ అని జెప్పకు తమ్మీ, సదువుకుంటున్న అను” అని సలహా ఇచ్చాడు. డిగ్రీ పూర్తయి రెండేళ్లయిన సంగతి నేనూ ఎత్తలేదు.

మేడ మీద రేకుల నీడలో నలుగురం కూర్చున్నాం. పందెం చింతగింజలు. గది పెద్దనాయినకు పావురాల కోసం కావాలి, పెద్దమ్మకు బియ్యం బస్తాల కోసం. శ్రీకాంత్ నా పక్షమని చెప్పి అందరికంటే ముందు ఓడిపోయాడు. మధ్యాహ్నానికి పావురాల ఆశా ఆవిరైపోయింది. మిగిలింది నేనూ, పెద్దమ్మా.

నా చేతిలో రెండు రాజులు, చాప మీద అందరికీ ఉమ్మడిగా పరిచిన ముక్కల్లో ఇంకో రాజు. గింజల్లో సగానికి పైగా అప్పటికే మధ్యలో పోశాను. చివరి ముక్క తిప్పితే చాప మీద మూడో ఆఠీన్ పడింది. ఆమెవి రెండూ ఆఠీన్లయితే ఐదూ ఒకే రంగు కుదిరి నా రాజులు ఓడిపోతారు. కాకపోతే గది దాదాపు నాదే. పెద్దమ్మ తన గింజలన్నీ ముందుకు తోసింది.

“ఒస్తవా, పోతవా కొడుకా?”

ఆమెది ముప్పై ఏళ్ల రమ్మీ చెయ్యి. ముక్కలు బాగాలేకపోతే ఉన్న రెండింటినే అటూ ఇటూ మారుస్తూ కూర్చుంటుంది, ఎప్పటికైనా సెట్టు కుదురుతుందన్నట్టు. ఇప్పుడు మాత్రం రెండూ షో కొట్టేముందు పెట్టినట్టు బోర్లా పెట్టి, కొంగు సర్దుకుంటోంది. గుండె ‘ఆడు’ అంది. చెయ్యి వినలేదు.

“ప్యాక్ పెద్దమ్మా,” అని ఆట వదిలేసి నా రెండు ముక్కలూ తిప్పి చాప మీద పెట్టాను.

నా రాజుల్ని చూసి పెద్దనాయిన తల పట్టుకున్నాడు. ఎట్ల తెలిసిందని పెద్దమ్మ అడిగితే, ముక్కలు కింద పెట్టారు కదా అన్నాను. ఆమె తన రెండు ఆఠీన్లు తిప్పి చూపించి మొగుడి వైపు తిరిగింది. “ఇన్నేండ్ల సంది నాతోని పత్తాలాడుతున్నవ్, గిది ఒక్కనాడన్న జూశినవా?”

తర్వాత పావుగంటకే నా గింజలూ అయిపోయాయి. ఇక బస్తాలు పైకెక్కుతాయనుకున్నాను. “బస్తాలు మెట్ల కింద వడుంటయి. మనిషిని జూసి మసులుకునేటోడు ఇంట్ల ఉంటే మంచిదే,” అంది పెద్దమ్మ. “ఆషాఢం పోనియ్యి. శ్రావణంల పాలు పొంగించుకో.”

తిరుగు ఆటోలో అనిపించింది: ఇన్నాళ్లూ గేట్ల మీద బోర్డులే చదివాను, వెనకున్న మనుషుల్ని కాదు. గది వెతికేవారికి ఒక సూచన: ఆషాఢంలోనే తిరగండి. ఆ నెలలో ఎవరూ ఇల్లు మారరు కాబట్టి ఓనర్లకు తీరిగ్గా మాట్లాడే ఓపిక ఉంటుంది. ఇక నేను పోకర్‌లో గది గెలిచానని శ్రీకాంత్ హాస్టలంతా చాటుతున్నాడు, నేనూ ఖండించలేదు. మీకు మాత్రం ఒప్పుకుంటున్నాను: నేను చేసిందల్లా, గెలుస్తాననిపించిన రెండు ముక్కల్ని మెల్లగా చాప మీద పెట్టడం.